గంగాళం లోపటి గీత

మా అత్తమ్మ ఎవరికన్న దానం ఇయ్యాలంటె ముందుగాల అక్కడికి పోయి బువ్వ తిని వచ్చేది. రసీదు బుక్కు చూసేది కాదు. కమిటీల ఎవరెవరున్నరని అడిగేది కాదు. చిరుగుకు కుట్లు వేసిన పాత చీర ఒకటి కట్టుకొని, బీదోళ్ల వరుసల ఆఖరుకు కూసొని, పెట్టింది తిని, చెయ్యి కడుక్కొని ఇంటికొచ్చేది. అంత పెద్ద దుకాణం సావుకారి పెండ్లాం గట్ల పోయి వరుసల కూసునుడేందని మా మామ నెత్తి కొట్టుకునేటోడు. "అన్నం ఉడికిందా లేదా అని కుండంత పిసికి చూస్తరా? ఒక్క మెతుకు పట్టుకుంటె చాలదా" అనేది ఆమె.

నేను ఆ ఇంటికి కోడలుగ వచ్చింది డెబ్బై నాలుగుల. వరంగల్ బజార్ల మా మామకు గిన్నెల దుకాణం ఉండె. అప్పుడప్పుడే ఇత్తడి పోయి స్టీలు వస్తాన్న రోజులు. ఊర్లల్లకెళ్లి జనం బస్సు టాపు మీద తాతల నాటి బిందెలు, చెంబులు వేసుకొచ్చి, మా తక్కెట్ల పెట్టి, ఆ తూకానికి తళతళలాడే స్టీలు గిన్నెలు తీసుకపోయేటోళ్లు. "బంగారమసొంటి ఇత్తడిచ్చి రేకు కొనుక్కపోతాన్రు, పిచ్చోళ్లు" అని అత్తమ్మ ఇంట్ల గొణిగేది. ఆ పిచ్చోళ్ల మీదనే మన ఇల్లు నడుస్తాందని నేననేదాన్ని, లోపల్లోపటనే. కొత్త కోడలిని గద.

మా దుకాణంల ఒక ఆచారం ఉండె. పాత ఇత్తడి తూకం వేసినంక, తెచ్చినోళ్లు ఒక చిన్న ముక్క మూలకున్న గోనెసంచిల వెయ్యాలె. విరిగిన గంటెనో, సొట్టవోయిన మూతనో, ఊడిపోయిన గిలాస అడుగో, ఏదైనా సరే. దానికి మా మామ తన దిక్కుకెళ్లి ఇంకో ముక్క కలిపేటోడు. అది ధర్మం సంచి. ఏడాది తిరిగేటాలకు ఆ సంచి నిండుతది. ఉగాది ముందట దాన్ని కంచరాయన ఇంటికి తోలితె, ఆయన ఆ బరువుకు ఒక పెద్ద గంగాళం కొట్టిచ్చేటోడు. ఇద్దరు మొగోళ్లు చెరో కడెం పట్టి లేపాలె, అంత గంగాళం. అది ఎవరికో ఒకరికి దానం పోవాలె.

ఎవరికి అన్నదే ఏడాదేడాది మా ఇంట్ల కొట్లాట.

శివరాత్రి దాటిందంటె అడిగేటోళ్లు వచ్చుడు మొదలయ్యేది. గుడి కమిటీలు, సత్రాలోళ్లు, భజన మండలోళ్లు, గడ్డాలు పెంచినోళ్లు, గడ్డాలు గీసుకొని ఫైలు పట్టుకొచ్చినోళ్లు. మా మామ లెక్కల రసీదు బుక్కు అచ్చు మంచిగుంటె ఆ మనిషి మంచోడు. బుక్కు మీద దేవుని బొమ్మ రెండు రంగులల్ల ఉంటె ఇగ చెప్పే పనే లేదు. మా ఇంటాయన లెక్క వేరే. ఎవరన్న రెండు నిమిషాలు నవ్వుకుంట మాట్లాడితె సాలు, కండ్లు మూసుకొని ఇచ్చేటోడు. ఆయన పని గిన్నెల మీద పేర్లు కొట్టుడు. చిన్న ఉలి, చిన్న సుత్తె పట్టుకొని దుకాణం అరుగు మీద కూసుంటె పొద్దంత టకటక టకటక. అక్షరాలు ముత్యాలే. ధర్మం గంగాళం మీద మా మామ పేరు, వాళ్ల నాయిన పేరు, గోత్రం, దుకాణం ఉన్న గల్లీ, అన్నీ చుట్టు తిరిగొచ్చేటట్టు కొట్టేటోడు. గంగాళం చుట్టు ప్రదక్షిణ చేస్తెనే చదవవస్తది.

"ఊరోళ్ల ఇత్తడి, మీ మామ పేరు. అత్త సొమ్ము అల్లుని దానం అంటె గిదే" అని అత్తమ్మ వంటింట్ల నా చెవుల చెప్పి మురిసేది. మామ ముందర మాత్రం అనేది కాదు. అప్పటికి ఆ ముచ్చట్ల ఆడోళ్లను అడుగుడు లేదు.

నేనొచ్చినంక మొదటి గంగాళం ఒక పెండ్లిళ్ల మంటపం కమిటీకి పోయింది. రసీదు బుక్కు మూడు రంగులు. ఆరు నెల్లయినంక మా ఇంటాయన ఏదో పని మీద ఆ కమిటీ పెద్దమనిషి ఇంటికి పోతె, పెరట్ల బర్రె గంగాళంల మూతి పెట్టి కుడితి తాగుతాంది. మా మామ పేరు మీద నాలుకతోని నాకుతాందట. ఆయన ఇంటికొచ్చి చెప్తె నేను చీర కొంగు నోట్ల కుక్కుకొని నవ్విన.

రెండో ఏడు ఒక స్వామి వచ్చిండు. గోశాల కడతాన్న అన్నడు. మంచిగ నవ్విండు. గంగాళం పోయింది, స్వామి పోయిండు. నాలుగు నెల్లకు ఎవరో తుక్కు కొనేటోడు రిక్షాల పాత ఇత్తడి వేసుకొని మా దుకాణానికే మార్పిడికి తెచ్చిండు. మా ఇంటాయన తక్కెట్ల పెట్టబోయి చూస్తె తన చేతి అక్షరాలే. మామ పేరు, తాత పేరు, గోత్రం. ఏమంటరు ఇగ? ఆ తుక్కాయన తప్పేం లేదు, ఎక్కడ్నో కొనుక్కొచ్చుకున్నడు. మా మామ తన పేరును తనే తూకం వేసి కొనుక్కున్నడు. కొన్నంక కూడ ఆచారం విడువలె. "సంచిల ఒక ముక్క వెయ్యి నాయినా" అన్నడు ఆ తుక్కాయనతోని.

ఈ రెండు ముచ్చట్లు ఇప్పుడు చెప్పుకుంటె నవ్వొస్తది గని, ఆ రెండేండ్లల్లనే నాకు రెండు కాన్పులు నిలువలె. ఒకటి అయిదో నెలల, ఇంకోటి ఏడో నెలల. డాక్టరమ్మ ఏదో రక్తం ముచ్చట చెప్పింది. అత్తమ్మ మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆ ఏడు దానం బర్రె పాలాయె, ఈ ఏడు దొంగ పాలాయె. ఇచ్చిన చోటు మంచిది కాకపాయె, అందుకే పుణ్యం మన ఇంటి గడప దాటి లోపటికి రాలె అన్నది. నాకు మస్తు కోపమొచ్చింది. బర్రె తాగిన కుడితికి నా కడుపుకు ఏం సంబంధం అని అడుగుదామని నోటిదాక వచ్చింది. కాని ఆమె మొఖం చూస్తె అడగబుద్ధి కాలె. ఆమె నన్ను అంటలేదు. ఆమెను ఆమె అనుకుంటాంది.

మూడోసారి నాకు నాలుగో నెల పడ్డప్పుడు సంచి నిండవచ్చింది. ఆ పొద్దు మామ బువ్వకు కూసుంటె అత్తమ్మ పప్పు వడ్డిచ్చుకుంట అన్నది, "ఈసారి గంగాళం ఎటు పోవాల్నో నేను చెప్త."

మామ తల లేపి చూసిండు. "నీకేమెరుక?"

"నీకు తెలిసినయి రెండు చూసినం గద. పప్పు ఇంకింత వెయ్యన్న?"

మామ వేయించుకున్నడు. అంతే, అధికారం చేతులు మారింది. ఇంత అల్కగ అయితదని తెలిస్తె మొదటి ఏడే అడిగేదాన్ని అన్నది నాతోని.

అప్పటి సంది ఆమె పాత చీర బయటికొచ్చింది. మడికొండ దాటినంక ఒక ఆశ్రమం ఉన్నదంటె నన్ను గూడ తోలుకపోయింది. అన్నదానం మంచిగనే నడుస్తాంది. మేం కింద వరుసల కూసున్నం. పప్పు నీళ్లోలె ఉన్నది, సరే, పప్పు ఎవరింట్ల పలుచన కాదు. కాని పక్క అర్రల చందా ఇచ్చినోళ్లకు వేరే పంక్తి. ఆ అర్రకెళ్లి నెయ్యి వాసన వస్తాంది. అత్తమ్మ ముక్కు ఎగబీల్చి, "ఇది పాత నెయ్యి గాదు, ఈ పొద్దు కాచింది" అన్నది. చెయ్యి కడుక్కొని వచ్చినం. ఆ దినం బస్సుల నాకు వాంతులే వాంతులు. "నీ పిల్లకు గూడ నచ్చలె" అన్నది.

సుబేదారి దిక్కు అనాథ పిల్లల హాస్టలు ఒకటి చూసింది. అక్కడ పిల్లలు గుండ్రగున్నరు, నూనె రాసిన తలలున్నయి, చారుల ఇంగువ ఉన్నది. తీరా లోపటికి తొంగి చూస్తె పదకొండు గంగాళాలు బోర్లిచ్చి ఉన్నయట, అన్నిటి మీద పేర్లే. "మంచోళ్లె పిల్లా. కాని మన గంగాళం పోతె పన్నెండోదయితది. దాని మీద పిల్లలు ఎక్కి ఆడుకుంటరు" అన్నది. నాకు అదీ మంచి పనే అనిపిచ్చింది గని చెప్పలె.

గట్ల దినాలు పోతాంటె, పాలంపేట దిక్కుకెళ్లి ఒకాయన మార్పిడికి వచ్చిండు. నాలుగు చెంబులు, ఒక బిందె. తూకమైనంక మా ఇంటాయన సంచిల ముక్క వెయ్యుమంటె, ఆయన విరిగిన గంటె చేతుల పట్టుకొని, "ఇది ఏడికి పోతదే?" అని అడిగిండు. ఇన్నేండ్లల్ల ఆ ముచ్చట అడిగినోడు ఆయనొక్కడే. ఎవరికో ఒకరికి దానం పోతదని చెప్తె, "నీళ్లవ్వకియ్యరాదుండ్రి? మా పిల్లగాడు పెద్ద దవాఖానల పద్దెనిమిది దినాలు పండుకుంటె ఆమె నీళ్లతోనే ఎల్లదీసినం" అన్నడు. గంటె సంచిల వేసి పోయిండు.

ఆ నీళ్లవ్వ ఎవరో చూసొస్తనని అత్తమ్మ మర్నాడు పొద్దుగాల ఒక ఇత్తడి చెంబు పట్టుకొని, పాత చీర కట్టుకొని ఒక్కతే పోయింది. నన్ను రావద్దన్నది. దవాఖాన గాలి కడుపుతోనున్నోళ్లకు మంచిది కాదట.

వచ్చేటాలకు పదకొండు. మొఖం అదోలె ఉన్నది. "ఎట్లున్నది?" అని అడిగిన. చెంబు నా ముందర పెట్టి, "ఈ నీళ్లతోని కాళ్లు కడుక్కో" అన్నది. పట్టుకొని చూస్తె గోరువెచ్చగున్నయి. మర్నాడు మళ్ల పోయింది. మళ్ల చెంబెడు నీళ్లు. "మొఖం కడుక్కో." మూడోనాడు, నాలుగోనాడు. మా ఇంటి పొయ్యి మీద నీళ్లు కాగుతనే ఉన్నయి, ఈమె రిక్షా ఎక్కి ఎక్కడ్నో పోయి చెంబెడు నీళ్లు తెచ్చి నన్ను కడుగుతాంది. ఏమన్న చేతబడి ముచ్చటనా అని నాకు ఫికరు పట్టుకున్నది. ఎనిమిదోనాడు చెంబుతోని పాటు ఒక పసుపు దారం గూడ తెచ్చి నా చెయ్యికి కట్టబోతె, నేను చెయ్యి వెనుకకు గుంజుకున్న. "ముందు సంగతి చెప్పు అత్తమ్మా. లేకుంటె కట్టనియ్య."

ఆమె కింద కూలబడి అంత చెప్పింది. ఆ చెప్పుడు కుడితిల పడ్డ ఎలుక చెప్పినట్టే ఉన్నది.

దవాఖాన వెనుక గోడకు ఆనుకొని రేకుల పాక. మూడు రాళ్ల పొయ్యి మీద ఒక పాత గంగాళం. అడుగున చిల్లివడితె సబ్బు ముక్క అదిమి పెట్టుకున్నది. అయినా చుక్క చుక్క కారి మంటల పడి చుయ్ చుయ్ మంటాంది. తెల్లారకముందు సంది నీళ్లవ్వ నీళ్లు కాగబెడుతనే ఉంటది. ఊర్లల్లకెళ్లి రోగులతోని వచ్చినోళ్లు చెంబులు, డబ్బాలు పట్టుకొని వరుస కడతరు. పిల్లల స్నానానికి, కాపడానికి, జావ కలుపుకునేటందుకు, అన్నిటికి ఆ నీళ్లే. పైసలు తీసుకోదు. వచ్చేటోళ్లు తలా ఒక కట్టెపుల్ల పట్టుకొచ్చి పొయ్యి కాడ వేస్తరు. తేకుంటె అడగది. ఎప్పుడో ఆమె పెనిమిటి ఆ దవాఖానల్నే ఇరవై దినాలు పండుకున్నడట. చెంబెడు వేడినీళ్ల కోసం హోటళ్ల పొంటి తిరిగి తిరిగి ఏడ్చిందట. ఆయన పోయినంక ఊరికి మళ్లి పోకుండ పొయ్యి పెట్టుకున్నది.

అత్తమ్మ కట్టెపుల్ల గూడ లేకుండ వరుసల నిలబడ్డది. బువ్వ తినే కాడ ఎవ్వరు ఏమీ అడగరు గని, నీళ్లవ్వ అడిగింది.

"ఏ వార్డు అక్కా?"

అత్తమ్మ నోటికొచ్చింది అన్నది. "కాన్పుల వార్డు."

"ఎవరు?"

"కోడలు."

"ఎన్నో కాన్పు?"

అక్కడ ఇగ అబద్ధం రాలె. "మూడోది. రెండు నిలువలె" అన్నది. అంటాంటెనే కండ్లల్ల నీళ్లొచ్చినయట. నీళ్లవ్వ వరుసంత ఆపి, "కాన్పుల వార్డోళ్లు ముందట" అని అందరికంటె ముందు ఈమె చెంబు నింపింది. రేపు గూడ రమ్మన్నది. ఇగ పోకుంటె కోడలికి ఏదో అయ్యిందనుకుంటదని మర్నాడు పోయింది. మూడోనాడూ అంతే. ఆ నీళ్లు పారబోద్దామంటె పాపం, ఎవరికన్న ఇద్దామంటె ఏం చెప్తది? అందుకే ఇంటికి తెచ్చి నా కాళ్ల మీద పోయిచ్చింది. నా బాగు కోసం ఆ పొద్దు నీళ్లవ్వ గుళ్లె పూజ చేయిచ్చిన దారం తెచ్చి ఇచ్చిందట.

"పరీక్ష చెయ్యబోతి, పరీక్షల పడితి" అన్నది. ఆమె భయం అది గాదు. కడుపుతోనున్న కోడలు దవాఖానల పడ్డదని నోటితోని అన్నది. ఎనిమిది దినాల సంది అంటనే ఉన్నది. అన్నమాట తగిలితె ఎట్ల? "నా నాలుక కోసెయ్యాలె" అన్నది. అంత గట్టి మనిషి చిన్నపిల్లోలె వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు గూడ భయమైంది, అబద్ధమెందుకు. బర్రె కుడితి ముచ్చటకు నవ్వినదాన్నే, ఆ పొద్దు నవ్వలేకపోయిన. కాసేపయినంక లేచి చెప్పులేసుకున్న. "పా, పోదాం. నేను వార్డుల లేనని ఆమెకు చూపియ్యి. అబద్ధం తెగిపోతది" అన్న.

రిక్షాల పోయినం. పాక కాడ వరుస అయిపోయింది, నీళ్లవ్వ బూడిద ఎత్తుతాంది. బక్కగ, నల్లగ, చేతులకు కాలిన మచ్చలు. అత్తమ్మ నన్ను ముందటికి నూకింది. "చెల్లె, ఇది నా కోడలు. వార్డుల లేదు. ఎప్పుడు లేదు. నేను అబద్ధమాడిన."

నీళ్లవ్వ నన్ను కింది నుంచి మీది దాక చూసింది. "నాకెరుకనే" అన్నది.

బూడిద తట్ట కింద పెట్టింది. "మూడోనాడే జావ పట్టుకొని వార్డుకు పోయిన. మంచం మంచం అడిగిన. నీసొంటి అత్త ఎవ్వరికి లేదు."

"మరి నీళ్లెందుకు పోసినవ్?"

"ఏ ఆడిది ఊరికెనె అబద్ధమాడి పొద్దుగాల్నే వచ్చి చెంబెడు నీళ్లకు వరుస కడతది? రెండు నిలువలె అని నువ్వన్నది అబద్ధం గాదు గద. ఇంట్ల ఏదో ఉండి ఉంటది. అయినా నీళ్లే గద అక్కా."

అత్తమ్మ ఆ బూడిద పక్కన్నే కూసున్నది. ఎన్ని పంక్తులల్ల తిన్నది, ఎన్ని పప్పులకు వంకలు పెట్టింది. నీళ్లవ్వ మాత్రం ఒక్కనాడు గూడ ఎవరిని పరీక్ష చెయ్యలె. నేను ఆ పసుపు దారం అత్తమ్మ రైక సందుల నుంచి తీసి నీళ్లవ్వ చేతికిచ్చి, "నువ్వే కట్టు" అని చెయ్యి చాపిన. ఆమె కట్టింది. ఇంటి ముందర రిక్షా దిగి అత్తమ్మ, "గంగాళం గీమెకే" అన్నది.

మామ ఊకుంటడా? రసీదు లేదు, కమిటీ లేదు, బోర్డు లేదు, రేపు ఎత్తుకపోతె ఎవర్ని అడుగుతం అన్నడు. "స్వామిని ఎవర్ని అడిగినవ్?" అన్నది అత్తమ్మ. ఆయన ఒప్పుకునేదాక ఆగకుండ మా ఇంటాయన నీళ్లవ్వను దుకాణానికి తోలుకొచ్చిండు.

ఆమె వచ్చి అరుగు కింద నిలబడ్డది, ఎంత రమ్మన్న మీదికి రాలె. మామ గడంచె మీద కూసొని గంభీరంగ అడిగిండు, ఏం కావాలె, ఎంత పెద్దది కావాలె అని. ఆమె, "కొత్తది ఎందుకు సావుకారీ, ఉన్నదాని చిల్లికి మాటు పెట్టిస్తె చాలు. సబ్బు ఒడుస్తాంది" అన్నది.

మామ దిమ్మ తిరిగినట్టు చూసిండు. ముప్పై ఏండ్ల సంది అడుక్కునేటోళ్లను చూస్తాండు. అరసేరిస్తె సేరు అడిగినోళ్లే గని, గంగాళం ఇస్తనంటె మాటు చాలన్నోళ్లను చూడలె. రాత్రి బువ్వ కాడ ఆ ముచ్చట్నే నాలుగుసార్లు చెప్పిండు. "మాటు చాలన్నది చూడు" అంటడు, మళ్ల ముద్ద కలుపుతడు, మళ్ల "మాటు చాలన్నది" అంటడు. అత్తమ్మ నాకు కన్ను గీటింది.

ఉగాది ముందు రోజు కంచరాయన గంగాళం తెచ్చి దింపిండు, నీళ్లవ్వను గూడ పిలిపిచ్చినం. అంత మందం రేకు మా దుకాణంల అంతకుముందు దిగలె. మా ఇంటాయన ఉలి తీసుకొని కూసున్నడు. పేరెవరిది? మామ గొంతు సవరిచ్చుకున్నడు గని, అత్తమ్మ చూపుకు మళ్ల మింగిండు. అయితె నీళ్లవ్వ పేరు కొడ్తమన్నరు. ఆమె వద్దన్నది. "పేరు చదివెటోళ్లు నా వరుసల ఎందరున్నరు బిడ్డా? అంతగ కొట్టాలంటె లోపట ఒక గీత కొట్టు."

"గీతనా?"

ఆమె కొంగు దోపి గంగాళంల చెయ్యి పెట్టి, అడుగు నుంచి జానెడు మీద వేలు ఆనిచ్చింది. "గిక్కడ. జనం ఎక్కువైతె నాకు గుర్తుండది, ఊడ్చి పోసేస్త. ఈ గీత కిందివి కాన్పుల వార్డుకని పెట్టుకుంట. ఎవరడిగిన గీత దాటి ముంచ."

మా ఇంటాయన గంగాళాన్ని పక్కకు పండబెట్టి, సగం లోపటికి దూరి, చుట్టు తిరిగొచ్చేటట్టు గీత కొట్టిండు. ఆ సప్పుడు బజారంత మోగింది. ముత్యాలసొంటి అక్షరాలు కొట్టే మనిషికి, ఉత్త గీత కొట్టెతందుకు మధ్యాహ్నం దాక పట్టింది. మామ రెండుసార్లు తల లోపటికి పెట్టి చూసొచ్చిండు. "వంకర పోలె" అన్నడు. తర్వాత దుకాణానికి వచ్చినోళ్లందరికి ఆ గీత ముచ్చటనే. పేరు లేకున్న మునుపటికంటె ఎక్కువ చెప్పుకున్నడు.

ఇగ నా సంగతి. అయిదో నెల దాటింది. నేను ఊపిరి బిగబట్టుకొని దాటిన. ఏడో నెల దాటింది. అత్తమ్మ వారానికొకసారి కట్టెలమోపు రిక్షాల వేసుకొని నీళ్లవ్వ కాడికి పోయేది, ఎనిమిది దినాలు పుల్ల లేకుండ తీసుకున్న నీళ్లకు అది జరిమానా అనేది. పాత చీర మళ్ల కట్టలె. దాన్ని చింపి బొంతకు వేసింది, నా పిల్లకోసమని. దినాం దేవునికి మొక్కుతాన్నవా అంటె, "మొక్కిన. ఇగ ఆయన ఇష్టం. గంగాళం మాత్రం సరైన చోట పడ్డది, అది చాలు నాకు" అన్నది. కాని ఆ మాట అనేటప్పుడు నా కడుపు దిక్కే చూసేది. నాకు రాత్రిళ్లు భయమైతె ఆ పసుపు దారం పట్టుకొని పండుకునేదాన్ని.

నొప్పులొచ్చిన పొద్దు ముసురు. మూడు దినాల సంది ఇడువకుండ వాన. పెద్ద దవాఖానలనే చేరిపిచ్చిన్రు. అత్తమ్మ వార్డు బయట గోడకానుకొని కూసున్నది. మా ఇంటాయన అటూ ఇటూ తిరుగుతాండు. మామ దుకాణం కట్టేసి వచ్చి గొడుగు పట్టుకొని వానల్నే నిలబడ్డడు, లోపటికి రమ్మంటె రాలె. మధ్యాహ్నం పిల్ల పుట్టింది. గట్టిగ ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను నవ్విన, నర్సమ్మ నన్ను చూసి ఆమె గూడ నవ్వింది.

స్నానానికి వేడినీళ్లు తెమ్మన్నరు. ఆ తర్వాతిది మా ఇంటాయన చెప్పిండు, ఆయన అత్తమ్మ వెనుకనే ఉరికిండట.

పాక కాడ వరుస గోడ చివరిదాక ఉన్నది. ముసురుకు కట్టెలన్నీ తడిసినయి. మంట లేదు, పొగనే ఉన్నది. గంగాళంల నీళ్లు గీతకు దిగినయి. నీళ్లవ్వ ముంత బోర్లిచ్చి పెట్టి, అందరిని జర ఆగుమంటాంది. అత్తమ్మ అందరి నడుమకెళ్లి దూరిపోలె. చెంబు పట్టుకొని, చంకల ఇంటికాడ్నుంచి తెచ్చిన ఎండు కట్టె ఒకటి పెట్టుకొని వరుస ఆఖర్ల నిలబడ్డది. నీళ్లవ్వకు పొగల మనిషి ఆనలె. చెయ్యి అడ్డం పెట్టుకొని, అందరిని అడిగినట్టే దూరంకెళ్లి అడిగింది.

"ఏ వార్డు అక్కా?"

"కాన్పుల వార్డు."

"ఎవరు?"

"కోడలు."

గొంతు గుర్తువట్టి నీళ్లవ్వ లేచి నిలబడ్డది. వరుసంత వెనుకకు తిరిగి చూసింది. అయినా ఆమె అడగవలసింది అడిగింది.

"ఎన్నో కాన్పు?"

"మూడోది" అన్నది మా అత్తమ్మ. "నిలిచింది."

నీళ్లవ్వ ముంత అందుకొని గీత కిందికి ముంచింది.